మెత్తని పేరు, గట్టి నష్టం

కంప్యూటర్లతో వచ్చే మాన్యువల్ పుటలను శాస్త్ర వాఙ్మయంగా ఎవరూ ఎంచరు. కాని మన విద్యార్థులు వాటినే నమ్మి పని నేర్చుకొంటున్నారు. కనుక వాటికీ విమర్శ అవసరమే. ఇక్కడ పరిశీలిస్తున్నది లినక్స్ లోని ‘ఎన్‌ఎఫ్‌ఎస్’ పుట.

వేరొక గదిలోని సర్వర్ డిస్కును మన కంప్యూటర్ తన సొంత డిస్కువలె వాడుకొనే ఈ పద్ధతిని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో రూపొందించింది. అలా జోడించటమే ‘మౌంట్’. అప్పుడిచ్చే ఆదేశాలలో ముఖ్యమైనవి ‘హార్డ్’, ‘సాఫ్ట్’. సర్వర్ పలుకకపోతే, హార్డ్ పద్ధతిలో జవాబు వచ్చేవరకు క్లయింట్ అడుగుతూనే ఉంటుంది; పని ఆగుతుంది గాని చెడదు. సాఫ్ట్ పద్ధతిలో కొన్నిసార్లు అడిగి, ప్రోగ్రాముకు ‘తప్పు’ అని చెప్పి ఊరుకొంటుంది.

ఈ పుటలో మెచ్చదగినది నిజాయితీ. సాఫ్ట్ వలన సమాచారం చప్పుడు లేకుండా చెడవచ్చునని అది స్పష్టంగా హెచ్చరిస్తుంది. లోపమేమంటే, ఎట్లు చెడునో చెప్పదు. కారణం కష్టమైనది కాదు. ప్రోగ్రాము వ్రాసినది మొదట క్లయింట్ జ్ఞాపకశక్తిలో నిలిచి, తరువాత సర్వరుకు పోతుంది. అప్పుడు విఫలమైతే ఆ వార్త ఫైలు మూసేవేళకు గాని తెలియదు. ఆ జవాబును చూడని ప్రోగ్రాములు ఎన్నో! మా ప్రయోగశాలలో ఒక విద్యార్థి కొలతల పట్టిక సగానికే మిగిలినది ఇట్లే. ‘మెత్తనిది కదా, మంచిదేమో’ అని అతడు సాఫ్ట్ ఎన్నుకొన్నాడు.

రెండవ లోపం కొలమానం. ‘టైమియో’ విలువ సెకండులో పదవ వంతులలో ఉంటుంది. 600 అంటే 60 సెకండ్లు. పుటలో ఈ మాట ఉన్నది గాని, ఒక ఉదాహరణ తోడైతే 60 అని వ్రాసి నిమిషమనుకొనేవారు తగ్గుదురు. అది 6 సెకండ్లే.

ఇక ‘ఇంటర్’ అనే ఆదేశం 2008 నాటి 2.6.25 కెర్నెల్ నుండి పనిచేయదు. పాత ఆదేశాలను చూచి నకలు చేసేవారు నేటికీ దానిని వ్రాస్తూనే ఉన్నారు.

ఉపాధ్యాయులకు ఒక మనవి: పనికిరాని ఫైలుతో, రెండు పద్ధతులలోనూ నెట్‌వర్క్ తీగ ఊడదీసి చూపండి. ఒకచోట పని నిలిచి, తీగ పెట్టగానే సాగుతుంది. రెండవచోట గడువు తీరితే తప్పు పుడుతుంది. పుట చెప్పని కారణం విద్యార్థి కంటికే కనబడుతుంది.