95 గోల్స్‌ను ఎవరి పక్కన పెట్టి చూడాలి?

సునీల్ ఛెత్రి ప్రస్తావన రాగానే ఎవరైనా ముందు చదివేది ఒక జాబితా. పురుషుల ఫుట్‌బాల్‌లో దేశం తరఫున ఎక్కువ గోల్స్ చేసినవాళ్లలో రొనాల్డో, మెస్సీ, ఇరాన్ ఆటగాడు అలీ దాయీ, ఆ తర్వాత 95 గోల్స్‌తో మనవాడు. పుట్టింది సికింద్రాబాద్‌లో, ఏళ్ల తరబడి ఆడింది బెంగళూరు ఎఫ్‌సీకి. అందుకే బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకు ఆ లెక్క చెప్పుకోవడంలో ఇంకాస్త మురిపెం. జాబితాతో నాకు పేచీ లేదు. కాకపోతే ఆ అంకె విలువ మెస్సీ పక్కన తేలదు, భారత జట్టు పక్కన పెడితేనే తేలుతుంది.

‘చేసిందంతా నేపాల్, మాల్దీవుల లాంటి చిన్న జట్ల మీదే కదా’ అన్నది పాత ఎత్తిపొడుపు. అందులో కొంత నిజం లేకపోలేదు. 2023 జూన్ 21న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో పాకిస్తాన్‌పై చేసిన హ్యాట్రిక్‌లో రెండు పెనాల్టీలే. కానీ మొదటి గోల్ చూడండి. పాక్ ఆటగాడు వెనక్కి ఇచ్చిన బంతి వాళ్ల గోల్‌కీపర్ దగ్గరికి వెళ్తోంది. దాని వెంట 38 ఏళ్ల ఛెత్రి పరుగు. కీపర్ తడబడ్డాడు, బంతి గోల్‌లో పడింది. చాలాసార్లు ఒట్టి ఆయాసమే మిగిల్చే పరుగు అది. అయినా మానకపోవడమే గోల్స్ చేసేవాడి విద్య. పైగా చిన్న జట్ల మీద గోల్స్ పోగేసుకోనివాళ్లెవరు? రొనాల్డో ఖాతాలో లక్సెంబర్గ్ వాటా తక్కువేం కాదు. 2019 ఆసియా కప్‌లో థాయిలాండ్‌ను 4-1తో ఓడించినప్పుడు ఛెత్రివి రెండు గోల్స్. ఆ టోర్నీలో 1964 తర్వాత మనకు అదే తొలి గెలుపు.

ఇంకో సంగతి. స్ట్రైకర్‌కు బంతి అందించేవాళ్లు కావాలి. చాలాకాలం ఫిఫా ర్యాంకింగ్స్‌లో వంద దాటి ఉన్న జట్టులో, 2024 జూన్‌లో వీడ్కోలు చెప్పేనాటికి అతను 151 మ్యాచ్‌ల్లో 94 గోల్స్ చేశాడు. సగటున రొనాల్డోకు దీటుగా ఉన్న లెక్క ఇది. అయితే ఇదే లెక్క జట్టును బోనులో నిలబెడుతుంది. 2024లో భారత్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. 2025 మార్చిలో 40 ఏళ్లవాణ్ని మళ్లీ పిలిచారు. షిల్లాంగ్‌లో మాల్దీవులపై 3-0 గెలుపులో అతనూ ఒక గోల్ కొట్టాడు, అదే 95వది. చివరికి 2027 ఆసియా కప్‌కు అర్హత దక్కనే లేదు.

‘అతను కుర్చీ వదలకపోబట్టే కుర్రాళ్లు ఎదగలేదు’ అనేవాళ్లూ ఉన్నారు. ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) క్లబ్బుల్లో గోల్స్ చేసే చోటు ఎక్కువగా విదేశీయులకే ఇస్తుంటే, మన కుర్రాళ్లకు ఆ అలవాటు ఎక్కడ పడుతుంది? ఆ తప్పు ఛెత్రిది కాదు. అతని రికార్డు గొప్పదే. మన పురుషుల జట్టులో అతని తర్వాతి స్థానంలో ఉన్నవాడి గోల్స్ అందులో సగానికి కూడా చేరకపోవడం మాత్రం మన ఫుట్‌బాల్ వైఫల్యం.