‘సెరెంగెటీ’ చిత్రము – మన కొండకర్ల ఆవ

ఇటీవల కూర్మన్నపాలెములో మా జీవశాస్త్ర విద్యార్థులకు ఒక పాత జర్మను చలనచిత్రమును చూపితిని. 1959లో వెలువడిన ఆ చిత్రము పేరునకు ‘సెరెంగెటీ చావరాదు’ అని అర్థము. చిత్రము ముగియగానే ఒక విద్యార్థి, “మాస్టారూ, ఇలాంటివి చూడాలంటే ఆఫ్రికా వెళ్ళాలి కదండీ!” అనెను. ఆ చిత్రము బలమును, లోపమును కూడ ఆ ఒక్క మాటలోనే ఉన్నవి.

మొదట బలమును చెప్పుదము. ఫ్రాంక్‌ఫర్టు జంతుప్రదర్శనశాల అధిపతి బెర్న్‌హార్డ్ గ్జిమెక్, ఆయన కుమారుడు మిఖాయేల్, చారల గుర్రము వలె రంగులు వేసిన చిన్న విమానములో తూర్పు ఆఫ్రికాకు వెళ్ళిరి. వారు వెళ్ళినది వేటకు కాదు, మందలను లెక్కించుటకు. ఏ ఋతువున మంద ఎచట మేయునో తెలియక రక్షిత వనమునకు ఎల్లలు గీయరాదని వారి వాదము. 1959 జనవరి 10న విమానము రాబందును ఢీకొని కూలగా, మిఖాయేల్ 24 ఏండ్ల వయస్సున మరణించెను. చిత్రమునకు ఆస్కార్ బహుమానము లభించినది.

అయినను గౌరవము వేరు, పరీక్ష వేరు. ఎద్దు తలను జింక మేనికి అతికించినట్లుండు వైల్డుబీస్టులు సుమారు ఒక లక్ష ఉన్నవని వారు తేల్చిరి. 1961లో మరికొందరు సెరెంగెటీ–మారా ప్రాంతమంతటను ఆకాశము నుండి ఫోటోలు తీసి లెక్కింపగా అవి రెండు లక్షలు దాటినవి. ఈ భేదము కొంత ప్రదేశపు విస్తీర్ణము వలన, కొంత కంటిలెక్క వలన కలిగినది. పరుగెత్తు పెద్ద గుంపును చూచి అంచనా వేయు కన్ను తరచుగా తక్కువ చెప్పును.

రెండవ లోపము ఇంతకన్న పెద్దది. మసాయీ ప్రజలను, వారి పశువులను ఈ చిత్రము వన్యమృగములకు ముప్పుగా చూపినది. 1959లో మసాయీలు సెరెంగెటీ నుండి న్గోరోంగోరో వైపునకు తరలింపబడిరి. కాని పిమ్మట మందలు పెరుగుటకు ముఖ్య కారణమేమి? చుట్టుపట్ల పశువులకు రిండర్‌పెస్టు అను మహమ్మారి రాకుండ టీకాలు వేయుటయే. పశువులలో వ్యాధి అణగగానే అడవి మందలలోను అణగెను. అంతవరకు ఏటేట చచ్చుచుండిన లేతదూడలు బ్రదుకసాగినవి. 1970ల చివరకు వైల్డుబీస్టులు పది లక్షలు దాటినవి. మన పల్లెలను కూడ పీడించిన ఆ వ్యాధి ప్రపంచమున నశించినట్లు 2011లో ప్రకటింపబడెను. అనగా చిత్రము శత్రువుగా చూపిన పశువు యొక్క ఆరోగ్యమే అడవిమృగమును కాపాడినది!

నేటి సఫారీ యాత్రలు ఈ చిత్రము నుండి అద్భుతమును గ్రహించి, లెక్కను వదలినవి. సింహమును చూచితిమి, ఏనుగును చూచితిమి అని జాబితాలో గురుతు పెట్టుటతో చాలమందికి దినము ముగియును.

ఆ విద్యార్థికి సమాధానముగా తరగతిని కొండకర్ల ఆవకు తీసికొనిపోతిని. కూర్మన్నపాలెమునకు నైరుతిగా, అచ్యుతాపురము దాపున ఉన్న మంచినీటి సరస్సు అది. ఇచట మనుష్యులు, పశువులు, పక్షులు ఒకే నీటిని పంచుకొనుచున్నవి. తాటి దోనెలో పోవుచు మేము చూచిన పిట్ట పొడవైన వ్రేళ్ళపై తన బరువును పరచి తామరాకుల మీద నడచుచుండెను. దాని జాతిలో గ్రుడ్లను పొదుగువాడు తండ్రి. దీని దాయాది ఆఫ్రికా సరస్సులలోను ఇట్లే నడచును. గట్టున గేదె వెంట తిరుగు తెల్లకొంగ, ఆఫ్రికాలో అడవిదున్న వెంట తిరుగు కొంగకు దగ్గరి చుట్టము. మేత మేయు పశువు అదరగొట్టు మిడుతలే రెండింటికిని ఆహారము.

ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. ఈ చిత్రమును తప్పక చూపుడు, కాని అంతటితో ఆగవలదు. దగ్గరి చెరువునకు పోయి, ముగ్గురు విద్యార్థులచే ఒకే గుంపును విడివిడిగా, పదేసి చొప్పున లెక్కింపజేయుడు. నెలనెలా అదే గట్టున, అదే వేళకు తిరిగి లెక్కింపుడు. 1987 నుండి జనవరి నెలలలో జరుగుచున్న ఆసియా నీటిపక్షుల గణనకు ఇది మంచి సాధన.

మా మొదటి లెక్కలో ముగ్గురు మూడు సంఖ్యలు చెప్పిరి. ఆఫ్రికా మాట ఎత్తిన విద్యార్థియే అప్పుడు, “మళ్ళీ లెక్కపెడదాం మాస్టారూ” అనెను.