పచ్చిచేప: చిత్రము చెప్పని శాస్త్రము

2011లో డేవిడ్ గెల్బ్ తీసిన ‘జిరో డ్రీమ్స్ ఆఫ్ సుషి’ అను డాక్యుమెంటరీ చిత్రము టోక్యోలోని వృద్ధ పాకశాస్త్రజ్ఞుడు జిరో ఓనో నేర్పును కన్నులకు కట్టును. ఆక్టోపస్ మాంసము మెత్తబడుటకై దానిని 40, 50 నిమిషములు చేతులతో పిసుకుదురట! ఆ శ్రద్ధను మెచ్చనివారుండరు. కాని పచ్చిచేప ఎప్పుడు అపాయకరము, ఎప్పుడు కాదు అను ప్రశ్నను చిత్రము తడవలేదు.

సముద్రపు చేపలలో అనిసాకిస్ అను సన్నని పురుగు ఉండవచ్చును. అది మనిషి జీర్ణాశయపు గోడలోనికి చొరబడి తీవ్రమైన నొప్పి కలిగించును. వెనిగర్, ఉప్పు, వాసాబి ముద్ద వంటకములో వాడు పాళ్ళలో దానిని చంపజాలవు. చేప లోపలివరకు సున్నకు దిగువ 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 24 గంటలు గడ్డకట్టియున్నచో అది చచ్చును.

చేతి నేర్పు రుచినిచ్చును. రక్షణనిచ్చునది శీతలీకరణము, నిశిత పరిశీలన. ఈ సంగతియు చూపియుండినచో చిత్రము విద్యార్థులకు మరింత ఉపకరించెడిది.