పండే, కానీ నెయ్యి లెక్కలో

బండి మీద పండ్ల మధ్య కనిపిస్తుంది కాబట్టి అవకాడోను పండులాగే తినాలనుకుంటాం. తీపి వెతికితే దొరకదు. వంద గ్రాముల గుజ్జులో చక్కెర ఒక గ్రాము కూడా ఉండదు. కొవ్వు మాత్రం 15 గ్రాముల దాకా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఒలీయిక్ ఆమ్లం, ఆలివ్ నూనెకు పేరు తెచ్చిపెట్టింది అదే. అందుకే నా వంటింట్లో దీన్ని నెయ్యి, వెన్నల లెక్కలో వేసుకుంటాను.

ఆ లెక్కకు ఆధారం ఉంది. అమెరికాలో 1.1 లక్షల మందికి పైగా స్త్రీపురుషులను 30 ఏళ్లు గమనించిన హార్వర్డ్ పరిశోధకుల అధ్యయనం 2022లో వెలువడింది. వారానికి ఒక కాయ, అంటే రెండు సగాలు, లేదా అంతకు మించి తినేవారికి గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు 16 శాతం తక్కువగా కనిపించింది. వెన్న, చీజ్ వంటివాటికి బదులు తిన్నా ముప్పు తగ్గినట్టు లెక్క తేలింది. వాళ్ల మిగతా అలవాట్లూ మంచివై ఉండొచ్చు కాబట్టి ఇదే తుది రుజువు అనలేం. ‘బదులు’ అన్నది మాత్రం నేను గట్టిగా పట్టుకున్నాను. రోజూ తినే నెయ్యి, నూనె అలాగే ఉంచి పైన దీన్నీ చేరిస్తే, వంద గ్రాములకు 160 కేలరీలు అదనంగా చేరతాయంతే.

కాయ చెట్టు మీద మెత్తబడదు, కోశాకే మాగుతుంది. మామిడిని గడ్డిలో మాగబెట్టినట్టే, కాగితం సంచిలో అరటిపండుతో కలిపి ఉంచితే త్వరగా దారికొస్తుంది. అరటి వదిలే ఇథిలీన్ వాయువు చేసే పని అది. కొడగు, నీలగిరి తోటల కాయల్లో చాలా రకాలు మాగినా పచ్చగానే ఉంటాయి. అందుకే రంగు చూడకుండా తొడిమ దగ్గర మెల్లగా నొక్కి చూస్తాను. కాస్త లొంగితే చాలు. మాగినదాన్ని ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఆగుతుంది.

ఇక తినే తీరు. ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర, నిమ్మరసం కలిపి మెదిపితే మెక్సికోవాళ్ల గ్వాకమోలె. దాన్ని పెసరట్టుతో తిని చూడండి, అట్టుకు నూనె తగ్గించండి. టమాటా, క్యారెట్‌లకు రంగునిచ్చే కెరోటినాయిడ్లు ఒంటికి పట్టాలంటే కొవ్వు తోడు కావాలి, ఆ తోడు ఇందులోనే ఉంది. గుజ్జును పెరుగులో కలిపి, పోపు చల్లారాక వేస్తే కమ్మటి పెరుగు పచ్చడి. పొయ్యి మీద పెట్టొద్దు, చేదెక్కుతుంది. పాలు, చక్కెర పోసి చేసే జ్యూస్ రుచే గానీ, చక్కెర లేని పండుకు చక్కెర పోయడం నాకు నచ్చదు.

పొటాషియం ఎక్కువ కాబట్టి కిడ్నీ జబ్బున్నవారు డాక్టరును అడిగి తినాలి. ధర కూడా ఎక్కువే. కొనలేని ఇంటికి లోటేమీ లేదు, మన వేరుశనగలోనూ ఒలీయిక్ ఆమ్లం దండిగా ఉంది. కొన్న వారం మాత్రం అన్నంలో నెయ్యి తగ్గించండి. పెట్టిన డబ్బుకు ఫలితం దక్కేది అప్పుడే.