పాత పొగగొట్టమును గిరీశము చూపిన ప్రమాణమును

విజయవాడ పాతబస్తీలోఁ బాతసామానులమ్ము నొక యంగడికి, గంటములు దొరకునేమో యని యిటీవలఁ బోయితిని. గంటములు లేవు. ఇత్తడి మరచెంబులు, చెవులు పోయిన తాళపుఁగప్పలు, మూఁతలు లేని సిరాబుడ్లు నున్న గంపయడుగున నొక పొగగొట్టము చేతికిఁ దగిలెను. "అదెందుకండీ పంతులుగారూ, ఎవరో దొరలు కాల్చి పారేసిన పైపు, ఆ పట్టీ కూడా ఇత్తడిదే" అని యంగడివాఁడు తన సరకును దానే తగ్గించి చెప్పెను. రెండుమాఱులు కాఫీ త్రాగినంత వెలకు దానిఁ గొంటిని. నేను పొగ త్రాగువాఁడను గాను. గిరీశము మాట నిజమైనచో నా రాఁబోవు జన్మ మేదియో యిప్పుడే తెలిసియున్నది. ఆ మాటను విచారించుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను. కాని విచారమునకు దారి చూపినది యా గొట్టమే గనుక దాని కథ ముందుగాఁ జెప్పక తీఱదు.

చింతపండుతోఁ దోమఁగా నిత్తడి యనుకొన్న పట్టీ తెల్లనై వెండిగాఁ దేలెను. దానిపై మూఁడు ముద్రలు గానవచ్చినవి: నడచుచున్న సింహము, లంగరు, ఒక యక్షరము. ఇంగ్లండులో వెండిపనికిఁ బరీక్షాశాలలవారు వేయు ముద్రలివి. సింహము వెయ్యింట 925 పాళ్లు వెండి యనుటకు గుఱుతు. లంగరు బర్మింగుహాము పరీక్షాశాలది. అక్షరము సంవత్సరమును దెలుపును. తాళపత్రప్రతుల తుద లేఖకులు సంవత్సరమాసతిథులు వ్రాయు వాడుక వంటిదే యిదియు. సంతసించి యక్షరమునుబట్టి సంవత్సరము నిర్ణయించితిని; తప్పితిని. ఆ యక్షరమాల యించుమించు పాతికయేండ్ల కొకమాఱు మరల మొదలగును. ఏ యావృత్తిలోని యక్షరమో దాని మలుపునుబట్టియు, చుట్టునున్న డాలు నాకారమునుబట్టియుఁ దెలిసికోవలయును. మన ప్రభవాదులు మాత్ర మిట్టివి కావా? శకవర్షము లేక 'విజయ' యని మాత్రమే యున్న ప్రతికిఁ గాలము గట్టఁబోయి యఱువదియేండ్లు ముందువెనుకలగుట మనకుఁ గ్రొత్త గాదు.

గొట్టపు గిన్నె మధ్యధరాసముద్రప్రాంతములఁ బెరుగు నెరికా యను పొద వేరుగడ్డనుండి తొలిచినది. ఫ్రాన్సులోని సెయింట్ క్లాడ్ పట్టణపు పనివారు పందొమ్మిదవ శతాబ్ది నడుమ నీ కఱ్ఱకు వ్యాప్తి గల్పించిరి. నోటిముక్క పసుపుపచ్చగా నుండుటచేఁ దృణమణి యనుకొంటిని. తృణమణిని రాచినచో గడ్డిపోచల నాకర్షించును. పారసీకులు దీనికిఁ బెట్టిన 'కహ్రుబా' యను పేరునకును గడ్డిని దోఁచునది యనియే యర్థము. రాచి చూడఁగాఁ గాగితపుముక్క లంటుకొన్నవి. కాని యీ పరీక్ష చాలదు. యంత్రశాలలలోఁ జేసిన ప్లాస్టిక్కులును నట్లే చేయును. చిక్కని యుప్పునీటిలో వేయఁగా మునిఁగెను. నిజమైన తృణమణి తేలవలసినది. కావున గిన్నె యొకచోటిది, పట్టీ యొకనాఁటిది, నోటిముక్క తరువాత నెవ్వరో తగిలించినది. మూఁడును గలసి యొక్క గొట్టమై యంగడికి వచ్చినవి.

ఇంతలో నేనొక పాడుపని చేసితిని. గిన్నెలోపలఁ బేరుకొన్న నల్లని మసిపేటును గత్తితో గీకి శుభ్రపఱచితిని. ఆ విద్య తెలిసిన మిత్రుఁడు విని తల పట్టుకొనెను. ఏ ప్రక్క నెక్కువ కాలెనో, ఎంతకాలము వాడిరో, ఎట్టి యాకు నింపిరో తెలుపవలసిన సాక్ష్యమంతయు నా మసిలోనే యుండునఁట. పరిష్కర్తలమైన మనము వ్రాఁతప్రతులకుఁ జేయు నుపచారము దాదాపిట్టిదే కదా యని యూరడిల్లితిని. ఊరడిల్లఁదగిన విషయ మేమియుఁ గాదు.

పొగగొట్టము నిట్లు గ్రంథమువలెఁ జదువుట కొత్త విద్య కాదు. కొనన్ డాయిల్ 1893లోఁ బ్రకటించిన 'పసుపుమొగము' కథలో షెర్లాక్ హోమ్సు, తాను లేనప్పుడు వచ్చి పోయిన యొక యతిథి మఱచిపోయిన గొట్టమును మాత్రమే చూచి యతని స్వరూపమును జెప్పును. వెండిపట్టీలతో రెండుమాఱులు బాగుచేయించెను గనుక దానిపై మక్కువ గలవాఁడు. ఒక ప్రక్కయే కమలియున్నది గనుక దీపముపై వెలిఁగించుకొను నెడమచేతివాటమువాఁడు. తృణమణిపైఁ బంటిగాట్లున్నవి గనుక దృఢమైన దేహము గలవాఁడు. ఆ కథ మనకు సంబంధింపదు. సంబంధించునది యంతకు మూఁడేండ్లు ముందు 1890లో వెలువడిన 'నలువుర గుఱుతు' నవల. అందు హోమ్సు పొగాకుల బూడిదల తారతమ్యమును గూర్చి తాను వ్రాసిన గ్రంథమును బ్రస్తావించుచు, హంతకుఁడు త్రాగినది హిందూదేశపు 'లుంకా' యని తేలినచో వెదకవలసిన చోటు మిక్కిలి తగ్గునని చెప్పును. ఆ లుంకా యేది? యూలు, బర్నెలు పండితుల హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు (1886) దీని కర్థము చెప్పినది: గోదావరీముఖమందలి లంకలలోఁ బండిన పొగాకుతోఁ జుట్టిన ఘాటైన చుట్ట. లండను నగరపు కథలో మన లంక దొరకినది! నదులు మేట వేసిన యొండ్రునేలపేరే యా చుట్టకుఁ బేరైనది. కృష్ణలంకలోఁ గాపురమున్న విజయవాడవాసులును 'లంక' యనఁగా ద్వీపమని, రావణుని పట్టణమని చెప్పి యూరకుందురే గాని, యొకప్పు డది సముద్రములు దాఁటిపోయిన సరకుపేరని తలఁపరు. మన మాటకు మనము వ్రాసికొనని యర్థ మొకటి పరదేశపు గంపయడుగునఁ బడియున్నది.

ఇంకొక వింత. 'టొబాకో' యను పేరు మొదట నాకుది గాదని స్పెయినుదేశపు చరిత్రకారుఁ డొవియెదో 1535లో వ్రాసెను. అమెరికాదీవులవారు ముక్కురంధ్రములకుఁ దగిలించుకొని పొగ పీల్చు రెండుకొమ్మల గొట్టమునకే యా పేరట. లాస్ కాసాస్ మాత్ర మాకులు చుట్టిన చుట్టకే యా పేరనెను. గొట్టమా, చుట్టయా యను వివాద మా మాటపుట్టుకలోనే యున్నది. తెలుఁగువాఁ డా పేరును ముట్టనే లేదు. పొగ, ఆకు అను రెండు పాతమాటలఁ గలిపి 'పొగాకు' అనెను. చుట్టినది 'చుట్ట' యయ్యెను. సంస్కృతపండితులు మాత్రము వినఁబడిన ధ్వనికిఁ బ్రాసాద మొకటి కట్టి 'తమాఖువు', 'తామ్రకూటము' అనిరి.

ఈ యాకు మన దేశమునకు వచ్చిన కాలము చరిత్రకుఁ దెలిసినదే. పోర్చుగీసువారు తెచ్చిరి. అక్బరు కడపటి యేండ్లలో (ఆతఁడు 1605లో మృతిఁ జెందెను) అసదుబేగు బిజాపురమునుండి పొగాకును, రత్నములు చెక్కిన గొట్టమును గొనిపోయి పాదుషాకు సమర్పించెను. ఆస్థానవైద్యుఁడు, ఇది పరీక్షింపఁబడని వస్తువు, మన గ్రంథములలో లేదు, వలదనెను. పరంగులు తెలివిమాలినవారు గారు, వారు వాడుచున్నారు గదా యని యసదుబేగు వాదించెను. ఈ వాదము చదువరులు గుఱుతుంచుకొనఁగోరెదను. జహంగీరు 1617లో దీనిని నిషేధించెను. నిషేధ మెంతవఱకు సాగినదో చెప్పనక్కఱలేదు. మచిలీపట్టణపుఁ గోటీలో 1618 మొదలుకొని కొన్నియేండ్లున్న మెథోల్డు, గోల్కొండరాజ్యమును వర్ణించుచుఁ బొగాకుపంటను బేర్కొనెను. అనఁగా నొక తరములోనే కృష్ణాతీరమున నిది వేరూనినది.

అంతకుముందు పొగ త్రాగుట లేదా? ఉన్నది. చరకసంహిత సూత్రస్థానమున నైదవ యధ్యాయమున ధూమపానవిధి గలదు. హరేణుక, ప్రియంగువు, చందనము మొదలగువాని ముద్దను రెల్లుకాడపైఁ బూసి, బొటనవ్రేలంత లావున నెనిమిదంగుళముల పొడవున వర్తిని జేసి, ధూమనేత్రమను గొట్టమునఁ బెట్టి పీల్వవలయును. కాదంబరిలో శూద్రకుఁడును ధూమవర్తిని సేవించును. ఇవి చూచి మన పూర్వులు పొగాకు నెఱుఁగుదురని వాదించుట కలదు. గొట్టము పాతది, నిజమే. అందు నింపినది వేఱు. 'ధూమపానము' అను మాటను మనము పాతయంగడిలోఁ గొని పొగాకును గూరితిమి.

ఇఁక గిరీశము. కన్యాశుల్కము 1909 నాఁటి రెండవ కూర్పున నతఁడు వెంకటేశమునకుఁ జుట్టమాహాత్మ్య ముపదేశించుచు నొక కందపద్యము చదువును. పక్షిరాజు సుధను దెచ్చుచుండఁగా నొక చుక్క పొంగి పుడమిఁ బడి పొగచెట్టైనదనియు, దానిఁ ద్రాగనివాఁడు దున్నగాఁ బుట్టుననియుఁ దాత్పర్యము. ఇది బృహన్నారదీయమున నాలుగవ యాశ్వాసములోనిదని యతఁడే ప్రమాణము చూపును. ఈ పద్యము నాటకమునుండి విడివడి నేఁడు జనుల నాలుకలపై నున్నది. కొంద ఱిది పురాణపద్యమే యందురు. కొంద ఱర్థములేని హాస్యమందురు. రెండును సరి గావు. దీనికిని మూఁడు భాగములున్నవి. మూఁడును మూఁడు కాలములవి.

పట్టీ మొదట: బృహన్నారదీయ మను ముద్ర. సంస్కృతపురాణములకు విభాగము లధ్యాయములు. ఆశ్వాసములు తెలుఁగు కావ్యములవి. తెనుఁగుసేఁత నుండి గైకొనెనని సమర్థింపవచ్చును. సమర్థించినను నాకు మిగులును. పొగాకు గల పద్యము పదునేడవ శతాబ్దికిఁ బూర్వము పుట్టదు. ఇంత సూక్ష్మముగాఁ బురాణము పేరు, ఆశ్వాససంఖ్యయుఁ జెప్పుటయే యబద్ధమునకు గుఱుతు. నిజము చెప్పువాఁ డన్నిమాఱులు స్థలనిర్దేశము చేయఁడు. గురజాడ యప్పారావుగా రీ ముద్రను గిరీశముచేత వేయించుటలోనే పాత్ర నంతయుఁ జూపిరి.

గిన్నె మఱింత విలువైనది; దానిని నేను వెదకలేదు, దొరకినది. గొట్టమునకై చరకునిఁ దిరుగవేసిన వేడుకతో నిఘంటుభాగమున భావప్రకాశమును విప్పితిని. అందు వెల్లుల్లి పుట్టుక చెప్పఁబడియున్నది: వైనతేయుఁ డింద్రునియొద్దనుండి యమృతము హరింపఁగా నొక బిందువు భూమిపైఁ బడి రసోనమయ్యెనని! భావమిశ్రుఁడు పదాఱవ శతాబ్దివాఁడు. ఆ గరుడుఁడే, ఆ యమృతమే, ఆ చుక్కయే. వెల్లుల్లిని దీసివైచి పొగచెట్టును నాటినారు. పోలిక పైపైది గాదు. వెల్లుల్లి ద్విజులకు నిషిద్ధమని మనుస్మృతి చెప్పుచున్నది. నిషిద్ధమైనను నౌషధముగా వదలరానిది. కనుక దాని కొక దివ్యజన్మము కావలసివచ్చెను. పొగాకునకు వచ్చిన యవసరము నదియే. బ్రాహ్మణబాలునకుఁ జుట్ట నేర్పవలసిన గురువు, నిషిద్ధవస్తువును బవిత్రము సేయుటకుఁ బూర్వులు వాడిన యచ్చునే వాడినాఁడు. ఈ మూస యెవని చేత మొదటఁ బొగాకునకు దిగినను, దాని నీ సందర్భమునఁ గూర్చుట కూర్చినవాని చతురత.

నోటిముక్క యేదనఁగా దొరల సాక్ష్యము. పద్యమునకు ముందే గిరీశము, చుట్ట కాల్చుటవలననే దొర లింతవారైరనియు, ఆవిరియంత్రము పుట్టుటకును నదియే కారణమనియు బోధించును. అక్బరు కొలువున నసదుబేగు చేసిన వాదమే యిది, మూఁడునూఱుల యేండ్ల తరువాత. అయితే యసదుబేగునకు దొరలసాక్ష్య మొక్కటియే గలదు. గ్రంథమున లేదన్న వైద్యునకు నతఁడు గ్రంథము చూపలేకపోయెను. గిరీశము రెండును జూపును: ఒకచేత నావిరియంత్రము, ఒకచేత బృహన్నారదీయము. ఇంగ్లీషు చదువుచున్న వెంకటేశ మొకదానికి లొంగనిచో రెండవదానికి లొంగును. ఆ కాలపు చదువుకొన్నవారు ప్రతిసంస్కరణమునకు, ప్రత్యనాచారమునకుఁ గూడ నీ రెండు ప్రమాణములనే జోడించి చూపుచుండిరి. హాస్యము తగిలిన చోటది. పద్యమును విడఁదీసి చాటువుగాఁ జదివినపుడు పట్టీయు గిన్నెయు మిగిలి నోటిముక్క యూడిపోవును. నాటకముననే చదువవలయును.

ఈ సందర్భమున నొక మాట. శ్రీనాథునకుఁ గాని, రాయలయాస్థానకవులకుఁ గాని పొగాకు ప్రశంస గల చాటువు నంటఁగట్టిన ప్రతి యెదురైనచో, శైలి యెంత మధురముగా నున్నను గర్తృత్వమును ద్రోసివేయవచ్చును. రాయలు 1529లో గతించెను, ఆకప్పటికి మన గట్టు చేరలేదు. అట్లని పద్యమును బాఱవేయరాదు. పరిష్కర్త దానిని 'ప్రక్షిప్త'మని గీకివేయుటకంటె, నెవ్వఁ డెప్పు డేల యంటఁగట్టెనో క్రింద వ్రాయుట మేలు. నా గొట్టములో మసి యిఁక లేదు గనుక నింత గట్టిగాఁ జెప్పుచున్నాను.

మొన్న మరల నా యంగడికిఁ బోయి, పట్టీ యిత్తడి గాదు, వెండిదని చెప్పితిని. అంగడివాఁడు గొట్టమును ద్రిప్పి త్రిప్పి చూచి, "అయితే ఇంకో వంద ఇవ్వండి పంతులుగారూ" అనెను. ఇచ్చితిని. గంట మొకటి వచ్చినచోఁ దీసియుంచెద ననినాఁడు.