పాత కాపీ చెరిపే పనితనం

శంషాబాద్‌లో విమానం దిగి, ఆపేసిన ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఆన్ చేస్తాం. తెర మీద కంపెనీ గుర్తు వెలుగుతున్న ఆ కాసేపట్లో లోపల లైనక్స్ కెర్నల్ లేస్తుంది. ఇప్పటి ఫోన్లలో కెమెరాకో, వైఫైకో కావలసిన కోడ్ చాలావరకు మాడ్యూళ్ల రూపంలో విడిగా ఉంటుంది. వాటిని ఎక్కించే పనిలో పైకి కనపడని మెట్టు ఒకటుంది.

కెర్నల్ ముందు మాడ్యూల్ ఫైలును సరిచూసి, మెమరీలో చోటిచ్చి, కోడ్‌ను అక్కడికి కాపీ చేస్తుంది. ఆ కోడ్‌లో బయటి ఫంక్షన్ల చిరునామాలు ఇంకా ఖాళీగానే ఉంటాయి. వాటిని వెతికి నింపడమే రీలొకేషన్. ప్రాసెసర్ లెక్కలో ఇదంతా డేటా రాయడమే కాబట్టి రాతలన్నీ ప్రాసెసర్ దగ్గరి చిన్న మెమరీ అయిన డేటా క్యాష్‌లో చేరతాయి. ఆదేశాలను అమలు చేసేటప్పుడు మాత్రం అది ఇన్‌స్ట్రక్షన్ క్యాష్‌లో చూస్తుంది. ఈ రెండూ వాటంతటవే సరిపోలి ఉంటాయని ఫోన్లలో ఉండే ఆర్మ్ ప్రాసెసర్లు హామీ ఇవ్వవు. గేటు మారిందని బోర్డు మీద పడ్డా, చేతిలోని బోర్డింగ్ పాస్ చూసుకుని పాత గేటుకే నడిచే ప్రయాణికుడిలా ప్రాసెసర్ పాత ఆదేశాలనే పట్టుకోవచ్చు.

64 బిట్ల ఆర్మ్‌లో దీనికి మందు వరుస తప్పని ఐదు అడుగులు. 'డీసీ సీవీఏయూ' అనే ఆదేశం డేటా క్యాష్‌లోని కొత్త రాతను, రెండు క్యాష్‌లూ ఒకేలా చూసే చోటి దాకా నెడుతుంది. అది పూర్తయ్యేదాకా 'డీఎస్‌బీ' ఆపుతుంది. 'ఐసీ ఐవీఏయూ' ఇన్‌స్ట్రక్షన్ క్యాష్‌లోని పాత కాపీని చెల్లకుండా చేస్తుంది. మళ్లీ డీఎస్‌బీ. చివర 'ఐఎస్‌బీ', ముందే తెచ్చిపెట్టుకున్న ఆదేశాలను పారేయిస్తుంది. నెట్టడం, చెరపడం తారుమారైతే, చెరిపిన చోటికి పాత రాతే మళ్లీ వచ్చి కూర్చోవచ్చు. క్యాష్ లైను 64 బైట్లయితే, 64 కిలోబైట్ల కోడ్‌కి 1024 లైన్లు. ఒక్కో లైనుకీ నెట్టడం, చెరపడం రెండూ జరగాలి. లైను పొడవు ఎంతో, ఈ పనుల్లో ఏది అక్కర్లేదో చిప్‌లోని 'సీటీఆర్' రిజిస్టరే చెబుతుంది. అవసరం లేదంటే కెర్నల్ ఆ పని వదిలేస్తుంది.

అంతటితో అయిపోదు. చెరిపిన సంగతి మిగతా కోర్‌లకూ చేరుతుంది కానీ, ఐఎస్‌బీ ప్రభావం దాన్ని నడిపిన కోర్‌కే పరిమితం. అందుకే కెర్నల్ మిగతా కోర్‌లన్నిటికీ ఇంటరప్ట్ పంపి, ఒక్కసారి ఉలిక్కిపడేలా చేస్తుంది. ఆ ఉలికిపాటుతోనే వాటి దగ్గరున్న పాత ఆదేశాలూ పోతాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ మెట్టు ఉన్న చోటు. రీలొకేషన్ ముగిశాక, మాడ్యూల్ పారామీటర్లు చదవకముందు. పారామీటర్లను చదివే ఫంక్షన్ ఆ మాడ్యూల్‌లోదే కావచ్చు; అంటే మాడ్యూల్ మొదలవకముందే దాని కోడ్ నడుస్తుంది. అంత దూరం ఆలోచించి పెట్టిన వరుస అది.

ఇంటెల్, ఏఎండీ చిప్‌లలో ఈ పొంతన హార్డ్‌వేరే చూసుకుంటుంది. కెర్నల్‌లో ఈ మెట్టును నడిపే 'ఫ్లష్ ఐక్యాష్ రేంజ్' ఫంక్షన్ అక్కడ చేసే పనేమీ లేదు. పిలుపు మాత్రం ఉంటుంది. కెర్నల్ సోర్స్ చేతిలో ఉన్నవాళ్లు మాడ్యూళ్లను ఎక్కించే ఫైలు తెరిచి 'ఫ్లష్ మాడ్యూల్ ఐక్యాష్' ఒకసారి చదవండి. చాలా చిన్న ఫంక్షన్.