ఒంటి వేలి పనితనం

జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడు వేలికి బాస్ గిటార్ లోకంలో ఒక పేరుంది: ‘ది హుక్’. కొక్కెంలా వంచి తీగను లాగే ఆ ఒక్క వేలితోనే ఆయన 1960లలో డెట్రాయిట్ నగరంలోని మోటౌన్ రికార్డు సంస్థ పాటల్లో చాలావాటికి బాస్ వాయించాడు. మామూలుగా బాస్ వాయించేవారు చూపుడు వేలినీ మధ్య వేలినీ మార్చి మార్చి మీటుతారు. జేమర్సన్ తక్కిన వేళ్లను పికప్ (తీగ కంపనాన్ని పట్టుకునే భాగం) మీది క్రోమ్ మూతకు ఆనించి ఊరుకోబెట్టేవాడు. టెంప్టేషన్స్ పాడిన ‘మై గర్ల్’ (1964), ఫోర్ టాప్స్ ‘బెర్నడెట్’ (1967), స్టీవీ వండర్ ‘ఫర్ వన్స్ ఇన్ మై లైఫ్’ (1968), మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ (1971) పాటల్లో అడుగున వినబడేది ఆ వేలే.

వాద్యాల పనితనం గురించి రాసేవారు కలప గురించి రాస్తారు, తీగల గురించి, పికప్‌ల గురించి రాస్తారు. వాద్యంలో మరో భాగం ఉంది. అది వేలికొస చర్మం. తీగను ముట్టుకునేది అదే, వదిలేదీ అదే. ఏ దుకాణంలోనూ దొరకని ఆ భాగాన్ని వాయించేవాడు తన ఒంటి మీద తానే తయారు చేసుకోవాలి. జేమర్సన్ వేలిని మెచ్చుకోవాలంటే ముందు ఆ తయారీ ఎలా జరుగుతుందో చూడాలి.

1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ మార్కెట్లోకి తెచ్చిన ప్రెసిషన్ బాస్‌తో ఎలక్ట్రిక్ బాస్ గిటార్ ఊపందుకుంది. అందులో తీగ మోగే పొడవు 34 అంగుళాలు. మామూలు ఎలక్ట్రిక్ గిటార్లో అది 25 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. గిటార్లో అన్నిటికన్నా సన్నని తీగ మందం పావు మిల్లీమీటరు. బాస్‌లో అన్నిటికన్నా లావు తీగ రెండున్నర మిల్లీమీటర్లు దాటుతుంది. అంత లావు తీగ సెకనుకు 41 సార్లు కంపించేలా శ్రుతి చేయాలంటే, దానికి 15 నుంచి 20 కిలోల బరువు వేలాడదీసినంత బిగువు కావాలి. వేలు తలపడేది ఆ బిగువుతోనే.

రెండు చేతుల మీదా పడే భారం ఒకటి కాదు. ఎడమచేతి వేళ్లు తీగను మెట్టు (ఫ్రెట్) వెనక నొక్కి పట్టుకుంటాయి. అక్కడ ఉన్నది ఒత్తిడి. కుడిచేతి వేళ్లు తీగను లాగి వదులుతాయి. అక్కడ ఉన్నది రాపిడి. ప్రతి మీటుకూ చర్మం కొంతసేపు తీగను పట్టుకుని, ఆ తర్వాత దాని మీంచి జారిపోతుంది. అందుకే కొత్తగా నేర్చుకునేవారికి ఎడమచేతి వేలికొసలు మండుతాయి, కుడిచేతి వేళ్లు బొబ్బలెక్కుతాయి.

వేలికొసల్లో, అరచేతుల్లో, అరికాళ్లలో చర్మం మిగతా ఒంటి మీదికన్నా మందంగా ఉంటుంది. అన్నిటికన్నా పైన ఉండేది చచ్చిన కణాల పొర. కెరటిన్‌తో గట్టిపడ్డ ఆ పొరలో రక్తనాళాలుండవు, నరాలుండవు. దాని కింద బతికున్న కణాల వరుసలుంటాయి. వేలు తీగ మీద పదే పదే జారినప్పుడు పైపొర తీగతో పాటు పోబోతుంది, అడుగుపొర ఎముకను అంటిపెట్టుకుని కదలనంటుంది. ఆ లాగులాటలో మధ్య వరుసల కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. ఆ చీలికలోకి నీరు ఊరుతుంది. అదే బొబ్బ. కాస్త చెమ్మగిల్లిన చర్మం తీగను మరింత గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి, చెమట పట్టిన చేతులకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

అదే రాపిడి, చర్మం చీలనంత మోతాదులో, రోజూ, వారాల తరబడి తగిలితే జరిగేది వేరు. అడుగున కణాలు జోరుగా పుట్టి పైకి చేరతాయి. పైపొర దళసరి అవుతుంది. అదే కాయ. బొబ్బకూ కాయకూ కారణం ఒకటే. తేడా అంతా మోతాదులోనూ వ్యవధిలోనూ ఉంది. ఒక్క పూటలో వాయించిన నాలుగు గంటలు బొబ్బను తెస్తాయి. అవే నాలుగు గంటలు వారమంతా పరుచుకుంటే కాయ కడుతుంది. కాయ ఒకసారి కట్టిందని నిశ్చింతగా ఉండటానికీ లేదు. చర్మం ఎప్పుడూ పైపొరను రాల్చుకుంటూ కొత్తది తెచ్చుకుంటుంది. కొన్ని వారాలు వాద్యం ముట్టకపోతే కాయ మెత్తబడి, పెచ్చులై ఊడిపోతుంది. కాబట్టి ఏ వాద్యకారుడి వేలి మీదైనా కాయ ఉందంటే, అది పాత సాధనకు గుర్తు కాదు. ఇటీవలి సాధనకు లెక్క.

జేమర్సన్ లెక్క చాలా పెద్దది. ఆయన 1936లో సౌత్ కరోలినాలోని ఎడిస్టో దీవిలో పుట్టాడు. 1954లో డెట్రాయిట్ చేరి, అక్కడి హైస్కూల్లో నిలువెత్తు డబుల్ బాస్ పట్టాడు. ఆ వాద్యంలో తీగ పొడవు 40 అంగుళాలు దాటుతుంది, ఫింగర్‌బోర్డు నుంచి తీగ చాలా ఎత్తులో ఉంటుంది. జాజ్ బాస్ వాద్యకారులు దాన్ని చూపుడు వేలి పక్క భాగంతో, వేలి బరువంతా వేసి లాగుతారు. జేమర్సన్ చేయి రాటుదేలింది అక్కడ. 1960ల మొదట్లో ఎలక్ట్రిక్ బాస్ చేతికొచ్చాక కూడా ఆ లాగుడు మారలేదు. పగలు స్టూడియో, రాత్రి జాజ్ క్లబ్బు. వేలికి విశ్రాంతి దొరికే ఉద్యోగం కాదది.

ఆయన వాయించిన 1962 నాటి ప్రెసిషన్ బాస్‌కు ‘ఫంక్ మెషీన్’ అని పేరు పడింది. దాని అమరిక చూస్తే ఆ వేలు ఎలాంటిదో తెలుస్తుంది. తీగలు లా బెల్లా కంపెనీ ఫ్లాట్‌వౌండ్ రకం. చదునైన లోహపు పట్టీ చుట్టిన తీగలవి. లావు తీగ మందం దాదాపు 2.8 మిల్లీమీటర్లు. మెట్ల మీద తీగల ఎత్తు ఎంత ఎక్కువంటే, ఆ బాస్ తీసుకున్న వేరేవాళ్లకు వాయించడమే కష్టమయ్యేదని చెబుతారు. బ్రిడ్జి మూత కింద ఒక ఫోమ్ ముక్క ఉండేది. తీగ ఎక్కువసేపు మోగకుండా అది ఆపేది. తెగితే తప్ప ఆయన తీగలు మార్చేవాడు కాదు. తీగకు పట్టిన మురికిలోనే ఆ నాదం ఉందన్నది ఆయన నమ్మకం.

ఇందులో మొండితనమే కాదు, చెవి పనితనం కూడా ఉంది. తీగను గోరుతోనో పిక్‌తోనో మీటితే అది సన్నని మొనలా వంగి వదలబడుతుంది. అందులో పై స్వరాంశాలు ఎక్కువగా పలుకుతాయి, మోత పదునుగా ఉంటుంది. వెడల్పైన మెత్తని వేలితో లాగితే వంపు గుండ్రంగా ఉంటుంది. పై అంశాలు తగ్గి నాదం గుండ్రంగా వస్తుంది. గట్టి కాయ ఈ రెంటికీ మధ్యన నిలుస్తుంది. వేలి వెడల్పు వల్ల గుండ్రదనం పోదు, గట్టిదనం వల్ల తీగ ఠక్కున వదలబడుతుంది. పాత చదును తీగ, ఫోమ్ ముక్క, కాయ కట్టిన వేలు, ఈ మూడూ కలిస్తేనే మోటౌన్ బాస్. ప్రతి స్వరం ముందు స్పష్టంగా ఒక దెబ్బ, వెంటనే గుండ్రని నాదం, ఆపైన త్వరగా మౌనం. అందువల్లే స్వరాలు ఎంత దట్టంగా వేసినా ఒకదాని మీద ఒకటి పడి గజిబిజి కాలేదు.

పైగా మోటౌన్ స్టూడియోలో బాస్ ముందు ఆంప్లిఫయర్, మైకు పెట్టి రికార్డు చేసేవారు కారు. తీగ సంకేతం నేరుగా మిక్సింగ్ బోర్డుకు వెళ్లేది. వేలి ప్రతి స్పర్శా దాచుకోవడానికి వీల్లేకుండా టేపులోకి ఎక్కేది.

ఒంటి వేలి వల్ల ఒరిగిందేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. రెండు వేళ్లతో మీటేవారి నాదంలో, ఎంత సాధన ఉన్నా, రెండు చేవ్రాళ్లు వినబడతాయి: చూపుడు వేలిది ఒకటి, మధ్య వేలిది మరొకటి. జేమర్సన్ నాదంలో అన్ని స్వరాలదీ ఒకే చేవ్రాలు. వేగం మాటేమిటంటే, దానికి ఆయన పొదుపు వేరు. వేలు ఒక తీగను లాగి వదిలాక నేరుగా పక్కనున్న లావు తీగ మీదికి వచ్చి ఆగుతుంది. కింది స్వరానికి దిగాలంటే మళ్లీ చేయి ఎత్తనక్కర్లేదు. ఆగిన చోటునుంచే లాగేయవచ్చు. ఎడమచేతికి తీరిక కావాల్సినప్పుడు ఆయన ఏ మెట్టూ నొక్కని ఖాళీ తీగను మీటేవాడు. పాట శ్రుతికి ఇమడదనిపించే చోట కూడా దాన్ని ఒక వంతెనలా వాడుకుని ముందుకు పోయేవాడు.

‘మై గర్ల్’ మొదట్లో బాస్ ఒంటరిగా మొదలవుతుంది. పెద్ద విన్యాసమేమీ లేదు. ఒకే నమూనా మళ్లీ మళ్లీ. ఆ కొన్ని సెకన్లలో వేలి దెబ్బ ఎలా ఉంటుందో తెలుస్తుంది. దాని తర్వాత ‘ఫర్ వన్స్ ఇన్ మై లైఫ్’ వినాలి. అక్కడ బాస్ ఒక చోట నిలవదు. గాయకుడి కింద మరో పాట నడుస్తున్నట్టు ఉంటుంది, అయినా గాయకుడికి అడ్డురాదు. అదంతా ఒక వేలు.

బాస్ వాద్యకారుల చేతులు చూస్తే వాళ్ల బాణీ చెప్పవచ్చు. లారీ గ్రాహమ్ పియానో వాయించే తల్లితో కలిసి కచేరీలు చేసేటప్పుడు వెనక డ్రమ్మర్ లేడు. ఆ లోటు తీర్చడానికి తీగలను బొటనవేలితో కొట్టడం, మరో వేలితో లాగడం మొదలుపెట్టాడు. ఇప్పుడు లోకమంతా ‘స్లాప్’ అంటున్నది అదే. ఆ బాణీలో కాయ బొటనవేలి పక్క ఎముక మీద కడుతుంది. జాకో పాస్టోరియస్ తన బాస్ మెట్లు పీకేసి, ఫింగర్‌బోర్డుకు పడవలకు వాడే ఎపాక్సీ పూత వేశాడు. గరుకైన రౌండ్‌వౌండ్ తీగలు కలపను తినేయకుండా వేసిన పూత అది. అలాంటి తీగ మీద మెట్లు లేకుండా జారే ఎడమచేతి కొసలకు మరో రకం గట్టిదనం కావాలి. పిక్‌తో వాయించే కారొల్ కే వంటివారికి కుడిచేతి వేలికొసల బాధే లేదు.

మన వీణ వాద్యకారులకూ ఈ విద్య తెలిసిందే. మైనం మీద కూర్చిన ఇత్తడి మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికించేటప్పుడు, ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్ల కొసలకు గాడి పడుతుంది. వీణ దగ్గర కాస్త కొబ్బరినూనె పెట్టుకోవడం వాడుకే, వేలు తీగ మీద తేలిగ్గా జారాలి కాబట్టి. బాస్ వాయించే కుడిచేతికి మాత్రం నూనె శత్రువు. అక్కడ తీగను పట్టుకుని వదలాలి.

జేమర్సన్ కథ చివర దుఃఖమే ఉంది. మోటౌన్ పాటల కవర్ల మీద ఏళ్ల తరబడి వాద్యకారుల పేర్లు వేయలేదు. 1971 నాటి ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బంతో ఆయన పేరు అచ్చయింది. సంస్థ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయాక ఆయన కూడా అక్కడికి వెళ్లాడు గానీ, పాత వైభవం రాలేదు. 1983 ఆగస్టు 2న 47 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అంతకు కొద్ది రోజుల ముందే ‘ఫంక్ మెషీన్’ దొంగలపాలైంది. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనకు చోటిచ్చింది. ఆ తరహా బాస్‌నూ, ఆ తీగలనూ ఈనాడు ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆ నాదం మాత్రం రాదు, వేలు కూడా కావాలి కాబట్టి.

బాస్ నేర్చుకుంటున్నవారికి ఇందులోంచి తీసుకోవాల్సిన మాటలు కొన్నున్నాయి. వేలికొస ఒకచోట వేడెక్కి చురుక్కుమంటే ఆ పూటకు వాద్యం పక్కన పెట్టండి. బొబ్బకు ముందు వచ్చే హెచ్చరిక అది. బొబ్బ వచ్చాక తోలు పీకకండి, శుభ్రంగా కప్పి ఆరనివ్వండి. గిన్నెలు తోమాకో స్నానం చేశాకో వెంటనే వాయించకండి. నానిన కాయ ఊడివస్తుంది. కాయ అంచు గరుకుగా లేస్తే కత్తెరతో కోయవద్దు, గోళ్ల ఆకురాయితో నున్నగా రుద్దితే చాలు. తీగను ఎంత బలంగా లాగుతున్నారో గమనించి, వాల్యూమ్ పెంచి బలం తగ్గించండి. తిమ్మిరో, మణికట్టు నొప్పో వస్తే అది కాయ పని కాదు, వైద్యుడికి చూపించాల్సిందే. రోజూ రెండు పూటలా కొద్దికొద్దిగా వాయించండి. బొబ్బల్ని సాధనకు గుర్తుగా చూపించుకునే అలవాటు సంగీతకారుల్లో ఉంది. అది తొందరపాటుకు గుర్తు. జేమర్సన్ స్థాయి పనితనం కావాలంటే వేలిని గాయపరచుకోకుండా గట్టిపరచుకోవాలి. దానికి రోజులు పడతాయి, దగ్గరి దారి లేదు.